విచారణ అనే మాటకు రెండర్థాలు



మన కతోలిక కుటుంబాలలో 'విచారణ' అనగానే కళ్ళముందు కనబడేది గుడి, గుడి గంట, ఉపదేశి గారు, ఆదివారపు పూజ. "మీది ఏ విచారణ?" అని ఎవరైనా అడిగితే సంతోషంగా ఊరి పేరు చెబుతాము. అదే మాట అడవి అంచున ఉన్న గూడెంలో పలికి చూడండి. జూలూరుపాడు వైపు గూడేలకు పూజకు వెళ్ళిన కొత్తలో నేను ఈ పొరపాటు చేశాను. "నేను విచారణ గురువును" అని పరిచయం చేసుకోగానే ఒక ముసలమ్మ గబగబా ఇంట్లోకి వెళ్ళి తడిక వేసుకున్నది. విచారణకు వచ్చినవాడంటే ఆమెకు తెలిసిన అర్థం ఒక్కటే. ఆమె కొడుకు మీద అటవీ కేసు ఉన్నదని తర్వాత ఉపదేశి చెప్పాడు. ఆనాటి నుండి గూడేలలో "గుడి ఫాదర్‌ను" అనే చెప్పుకుంటున్నాను.

ఈ వారం ఆ రెండవ విచారణను గురించి వ్రాయాలనుకుంటున్నాను. దీనికి కారణం మన పెద్దాయన ఒకరు వేసిన ప్రశ్న. అప్పట్లో నేను దానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను.

జూలూరుపాడుకు పొరుగునే చండ్రుగొండ మండలం. 2022 నవంబరు 22న ఆ మండలంలోని ఎర్రబోడు దగ్గర అడవిలో ఫారెస్టు రేంజ్ అధికారి చలమల శ్రీనివాసరావు గారి మీద దాడి జరిగింది. ఆ దెబ్బలకు ఆయన చనిపోయారు. ఉద్యోగ ధర్మం మీద వెళ్ళిన మనిషి తిరిగి ఇంటికి రాలేదు. అటవీశాఖ నాటిన మొక్కల విషయంలో రేగిన గొడవ అది. నిందితులు ఛత్తీస్‌గఢ్ నుండి వలస వచ్చిన గొత్తికోయలు. ఆ వారమంతా ఈ చుట్టుపక్కల ఎక్కడ నలుగురు కూడినా అదే మాట. కొద్ది రోజులకే స్థానిక బెండాలపాడు పంచాయతీ, గొత్తికోయలందరినీ తిరిగి ఛత్తీస్‌గఢ్‌కు పంపించివేయాలని తీర్మానం చేసింది.

ఆ తర్వాతి ఆదివారం పూజ అయ్యాక మన పెద్దాయన ఒకరు నన్ను ఆపారు. "ఆ సారును నరికినోళ్ళకు సర్కారు ఖర్చుతో వకీలు ఎందుకు ఫాదర్ గారూ? అవి మన పైసలే గదా!" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. నాకు తెలిసినంతలో ఎవరికీ అన్యాయం చేసినవాడూ కాదు. ఆయన కళ్ళలో నిజమైన బాధ ఉన్నది. నేను "దేవుడు అందరికీ తండ్రి" అని ఏదో అని తప్పించుకున్నాను. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

2023లో కొత్తగూడెం కోర్టు ఆ కేసులో ఇద్దరికి యావజ్జీవ శిక్ష విధించింది. కోర్టు ఏమి చేసిందో, పంచాయతీ తీర్మానం ఏమి చేయబోయిందో పక్కపక్కన పెట్టి చూడండి. కోర్టు ఇద్దరు మనుషులను నిలబెట్టి, సాక్ష్యం విని, ఆ ఇద్దరికే శిక్ష వేసింది. తీర్మానం, సాక్ష్యంతో పని లేకుండా, పసిపిల్లలతో సహా ఒక జనాన్ని మొత్తం దోషిని చేసింది. కోపం ఉన్నచోట ఈ రెండింటి నడుమ తేడా కనబడదు. ఆ తేడాను నిలబెట్టే పని కోర్టులో వకీలుది.

యోహాను సువార్తలో నికోదేము గుర్తున్నాడు గదా. యేసును పట్టి తెమ్మని పంపిన అధికారుల మధ్య కూర్చొని, ఒక మనిషి మాట వినకుండానే మన చట్టం అతనికి తీర్పు చెబుతుందా అని అడిగాడు. వారు నికోదేముకు జవాబు చెప్పలేదు. నీవు కూడా గలిలయవాడివేనా అని ఎత్తిపొడిచారు. గిరిజనుడి పక్షాన కోర్టులో నిలిచే వకీలుకు ఈనాటికీ అదే ఎత్తిపొడుపు. గురుత్వ విద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమా అక్వినాసు గారి గ్రంథంలో ఒక ప్రశ్న చూసి నాకు నవ్వు వచ్చింది. పేదవాని వ్యాజ్యాన్ని వాదించవలసిన బాధ్యత వకీలుకు ఉన్నదా, లేదా? పదమూడవ శతాబ్దపు సన్యాసికి ఇదేమి సమస్య అనుకున్నాను. అన్ని వేళలా లేదుగాని, ఆదుకునేవాడు మరొకడు లేనప్పుడు, అక్కర కళ్ళముందే ఉన్నప్పుడు ఉన్నది అన్నది ఆయన సమాధానపు సారాంశం. ఆ గ్రంథంలోనే మరొకచోట, న్యాయాధిపతి తనకు సొంతంగా తెలిసిన సంగతిని బట్టిగాక తన ముందు రుజువైన దానిని బట్టి తీర్పు చెప్పాలని కూడా ఆయన వాదించారు. 'అందరికీ తెలిసిందే' అన్నది సాక్ష్యం కాదన్నమాట.

ఇక మన చట్టం సంగతి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన మనిషికి కారణం చెప్పాలి, తనకు నచ్చిన వకీలుతో మాట్లాడనివ్వాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటలలోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం దూరం కారాదని చెప్పే 39ఎ అధికరణం 1976లో 42వ సవరణ ద్వారా చేరింది. 1979లో బీహారు జైళ్ళ సంగతి హుస్సేనారా ఖాతూన్ కేసుగా సుప్రీంకోర్టుకు చేరినప్పుడు, నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ లేకుండానే జైలులో మగ్గినవారు ఎందరో బయటపడ్డారు. ఉచిత న్యాయ సహాయం ప్రాణ స్వేచ్ఛల హక్కులో భాగమని కోర్టు అప్పుడే స్పష్టం చేసింది.

అయితే మన అడవి అంచు జనానికి దగ్గరగా వచ్చే తీర్పు 1986 నాటిది. అరుణాచల్ ప్రదేశ్‌లో సుఖ్‌దాస్ అనే ఉద్యోగి, మరికొందరు కలిసి, బదిలీలు రద్దు చేయమని ఒక ఇంజనీరును బెదిరించారని కేసు. సుఖ్‌దాస్‌కు వకీలును పెట్టుకునే స్తోమత లేదు. సాక్షులను ప్రశ్నించడమూ తెలియదు. రెండేళ్ళ శిక్ష పడింది. పైకోర్టు, "అతను వకీలు కావాలని అడగలేదు గదా" అన్నది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తనకు ఆ హక్కు ఉన్నదని తెలియనివాడు ఎలా అడుగుతాడు? చెప్పవలసిన బాధ్యత మేజిస్ట్రేటుది, జడ్జిది. అలా చెప్పకుండా, వకీలు లేకుండా జరిగిన ఆ విచారణ చెల్లదని శిక్షను కొట్టివేసింది.

పునీత పౌలు గారిని తలచుకోండి. యెరూషలేములో కొరడాలతో కొట్టబోతుండగా తాను రోము పౌరుడినని శతాధిపతితో చెప్పాడు. చెప్పగానే చేతులు ఆగిపోయాయి. తర్వాత కైసరుకే విన్నవించుకుంటానన్నాడు. పౌలుకు చదువున్నది, భాష ఉన్నది, ఎప్పుడు ఏమి అడగాలో తెలిసినది. అదే గూడెం మనిషిని స్టేషను అరుగు మీద కూర్చోబెడితే తనకు ఏ హక్కు ఉన్నదో అతనికి ఎవరు చెప్పారు?

పెద్దాయన ప్రశ్నకు ఇక్కడ ఒక జవాబున్నది. వకీలు లేకుండా వేసిన శిక్ష పైకోర్టులో కూలిపోతుంది. నిజంగా చేసినవాడు కూడా దాని చాటున తప్పించుకోవచ్చు. చనిపోయిన అధికారి కుటుంబానికి నిలిచే తీర్పు కావాలన్నా ముద్దాయికి వకీలు ఉండాలి. ఇది లౌకికమైన జవాబు. దీనికంటే పెద్ద జవాబు మన సరిహద్దుకు అవతల సుక్మా జిల్లాలో ఉన్నది.

భద్రాచలం దాటి ఉత్తరానికి వెళితే వచ్చేది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా. 2017 ఏప్రిల్ 24న అక్కడ బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు చనిపోయారు. దేశమంతా కన్నీరు పెట్టిన సంఘటన అది. ఆ తర్వాత పోలీసులు చుట్టుపక్కల గూడేల నుండి వందమందికి పైగా ఆదివాసులను పట్టుకొని ఉగ్రవాద నిరోధక చట్టం క్రింద జైలులో పెట్టారు. బెయిలు రాలేదు. విచారణ మొదలు కావడానికే నాలుగేళ్ళు పట్టింది. మొదలైన మరుసటి ఏడు, 2022 జూలై 15న, దంతెవాడలోని ప్రత్యేక కోర్టు 121 మందినీ నిర్దోషులని విడిచిపెట్టింది. వారు అక్కడ ఉన్నారనడానికి గాని, వారి దగ్గర ఆయుధాలు దొరికాయనడానికి గాని తగిన సాక్ష్యం లేదన్నది. అప్పటికి అయిదేళ్ళు గడిచాయి. ఒకతను తీర్పు వినకుండానే చనిపోయాడు. వారి పక్షాన వాదించినవారిలో బేలా భాటియా అనే న్యాయవాది ఒకరు. చాలా ఏళ్ళుగా బస్తర్‌లోనే ఉండి ఈ పని చేస్తున్నారు.

అయిదేళ్ళంటే ఏమిటో మన రైతు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. అయిదు వానాకాలాలు. ఇంటి మగమనిషి లేకపోతే మొదటి ఏడే ఎద్దులను అమ్ముకుంటారు, రెండవ ఏడు పిల్లవాడు బడి మానుతాడు. ప్రతి వాయిదాకు, ప్రతి జైలు ములాఖత్తుకు కూలి పోగొట్టుకొని, బస్సు కిరాయిలు పెట్టుకొని వెళ్ళాలి. నిర్దోషి అన్న కాగితం చేతికి వచ్చేసరికి ఆ కాగితం తప్ప ఇంట్లో ఇంకేమీ ఉండదు. జవాన్లను చంపింది ఎవరో ఆ విచారణలో తేలనేలేదు. అంటే చనిపోయిన 25 కుటుంబాలకూ న్యాయం దొరకలేదు. తప్పు మనుషులను పట్టుకోవడం వల్ల నష్టం రెండు వైపులా జరుగుతుందని ఈ ఒక్క కేసు చూపిస్తుంది.

మన దగ్గరి గొత్తికోయలు ఆ ప్రాంతాల నుండి వచ్చినవారే. 2005 జూన్‌లో అక్కడ సల్వాజుడుం మొదలైనాక ఇటు మావోయిస్టులకు, అటు జుడుంకు మధ్య నలిగి, ఊళ్ళు విడిచి గోదావరి ఇవతలి అడవులకు చేరారు. ఇక్కడ చట్టపు తేదీ ఒకటి వారికి అడ్డు వచ్చింది. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనునికి పదెకరాల వరకు హక్కు దొరుకుతుంది, ఆ విచారణ పూర్తయ్యేవరకు అతనిని ఖాళీ చేయించరాదు. ఆ తేదీ తర్వాత వచ్చినవారికి ఇక్కడి అడవిలో హక్కు లేదు, అక్కడి ఊరిలో ఇల్లు లేదు. 2023 జూన్ నుండి తెలంగాణలో సుమారు 1 లక్షా 51 వేల మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కోయలు, లంబాడీలు ఎందరో సంతోషించారు. ఆ సంతోషం న్యాయమైనది. అదే అడవిలో పట్టా లేనివాడి మీద మాత్రం ప్రతి వానాకాలం కొత్త కేసు.

ఆ చిన్న కేసులను గురించే ఇప్పుడు కొంచెం నిదానంగా చెప్పాలి. హత్య కేసులు పత్రికలలో వస్తాయి. మనుషులను నిజంగా నమిలేవి చిన్న కేసులు.

ఒక గూడెంలో నాకు తెలిసిన కోయ సోదరుడు ఒకతను ఉన్నాడు. పేరు, ఊరు వద్దు. ఇల్లు కప్పుకోవడానికి వాసాలు కొట్టాడని అతని మీద కేసు పెట్టారు. కోర్టుకు వెళ్ళాడు. "తప్పు ఒప్పుకొని జుర్మానా కడితే ఇవాళే ఇంటికి పోవచ్చు" అని ఎవరో సలహా ఇచ్చారు. అతను ఒప్పుకున్నాడు, కట్టాడు, సాయంత్రం బస్సుకు వచ్చేశాడు. నాతో కూడా, "అయిపోయింది ఫాదర్, పీడ వదిలింది" అన్నాడు. నేను కూడా మంచిదే అనుకున్నాను. నా తెలివి అంత!

అతను కట్టింది బస్సు టిక్కెట్టు వంటి రుసుము కాదు. కోర్టు రికార్డులో అది నేరం రుజువై పడిన శిక్ష. కొన్నేళ్ళ తర్వాత మరొక గొడవలో అతని పేరు వ్రాసినప్పుడు 'పాత నేరస్థుడు' అన్న మాట కాగితం మీదికి ఎక్కింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షను ఉన్నది. మరణశిక్షకు, యావజ్జీవానికి తగిన నేరాలు మినహాయించి, మొదటిసారి కేసులో చిక్కినవాడు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపితే కోర్టు అతనిని సొంత పూచీకత్తు మీద విడుదల చేయాలి. మిగతావారికి ఈ గడువు సగం. ఏనాడూ ఏ నేరానికీ శిక్ష పడనివాడే మొదటిసారి వాడు. అనగా వాసాలకు కట్టిన జుర్మానా పదేళ్ళ తర్వాత కూడా అతని విడుదలకు అడ్డం పడుతుంది. ఇక ఒకటికి మించిన కేసులు నడుస్తుంటే ఈ సెక్షను క్రింది విడుదలే దొరకదు. ఒకే పోడు చెలక మీద మూడు కేసులున్న గిరిజనులు మనకు తెలుసు. ఆ సలహా ఇచ్చిన మనిషి స్థానంలో వకీలు ఉన్నట్లయితే, ఈ ముక్క ముందే చెప్పి ఉండేవాడు.

అటవీశాఖ దగ్గరే రాజీ రుసుము కట్టడం వేరు, కోర్టులో ఒప్పుకోవడం వేరు. దేనికి ఏ ఫలితమో తెలియకుండా దేనికీ వేలిముద్ర వేయకూడదు. మరొక సంగతి. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదని చాలామందికి తెలుసు. అటవీ అధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలానికి ఆ రక్షణ లేదని ఎన్నో తీర్పులున్నాయి. ఎందుకంటే చట్టం దృష్టిలో వారు పోలీసులు కారు. గిరిజనుడికి ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం వారే.

దీని మీద భాష కష్టం. కోయ మాటకు గోండి భాషతో దగ్గరి చుట్టరికం. మన కోయ సోదరులలో చాలామందికి తెలుగు వస్తుంది, కాని సంతలో మాట్లాడే తెలుగు వేరు, చార్జిషీటు తెలుగు వేరు. చార్జిషీటు తెలుగు నాకే ఒక్కోసారి అర్థం కాదు. గొత్తికోయలలో ఆడవారికి ఆ సంత తెలుగు కూడా అంతంతమాత్రం. అధికారి ఏది అడిగినా మర్యాద కోసం "ఆఁ" అనడం వారి అలవాటు. ఆ "ఆఁ" కాగితం మీద 'అవును, చేశాను' అవుతుంది. అందుకే సుప్రీంకోర్టు 2025 నవంబరులో ఇచ్చిన తీర్పు మనకు ముఖ్యమైనది. ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పటికప్పుడు వీలుకాకపోతే నోటితో చెప్పి, రిమాండుకు తెచ్చేముందు కనీసం రెండు గంటలకైనా కాగితం చేతికివ్వాలి అన్నది. చదువు రానివాడి చేతిలో కాగితం ఉంటే ఏమి లాభం అంటారేమో. చదివి చెప్పగలవాడు ఇంటి పక్కన ఉంటే లాభమే. ఆ పక్కింటివారు మనమే.

బెయిలు దగ్గరికి వద్దాము. కోర్టు బెయిలు ఇచ్చినా బయటికి రాలేనివారు ఉన్నారంటే మీరు ఆశ్చర్యపోతారు. 1978లో మధ్యప్రదేశ్‌లో మోతీరాం అనే తాపీ మేస్త్రీకి బెయిలు వచ్చింది. మేజిస్ట్రేటు 10 వేల రూపాయల జామీను అడిగాడు. తమ్ముడో అన్నో జామీను ఉంటానంటే, ఆస్తి పక్క జిల్లాలో ఉన్నదని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో కృష్ణయ్యర్ గారు మండిపడి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద విడిచిపెట్టమన్నారు. గిరిజనుడి కష్టం ఇంకొక మెట్టు పైన. అతని అటవీ హక్కు పట్టా అమ్మడానికి, బదిలీ చేయడానికి వీలులేనిది. అది అతనికి రక్షణే, కాని ఆస్తి చూపమన్నచోట అది బరువు తూగదు. చుట్టాలందరివీ అటువంటి పట్టాలే. గొత్తికోయలకైతే అవీ లేవు.

2022 నవంబరు 26న, ఎర్రబోడు సంఘటన జరిగిన నాలుగవ రోజున, రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు, తాను ఆదివాసి బిడ్డ గనుక, చిన్న నేరాలకు ఏళ్ళ తరబడి జైలులో ఉండిపోయే పేదలను గురించి జడ్జీల ఎదుటనే మాట్లాడారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు కదిలి 2023 జనవరి 31న కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు వచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెల దాటినా జామీను దొరకకపోతే షరతులను సడలించే సంగతి కోర్టు ఆలోచించవచ్చు. ఖమ్మం జిల్లా జైలులోనో, భద్రాచలం సబ్‌జైలులోనో మీకు తెలిసిన ఇంటి మనిషి ఉంటే ఈ ఏడు రోజుల లెక్క గుర్తుపెట్టుకోండి.

గిరిజనులు ఎప్పుడూ ముద్దాయిలుగానే కోర్టుకు వస్తారని కాదు. ఫిర్యాదు పట్టుకొని వచ్చేవారికీ వకీలు కావాలి. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది కోదు స్త్రీలు తమ మీద పోలీసులు అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. కేసు విచారణకు రావడానికే పదేళ్ళకు పైగా పోరాడారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు, దర్యాప్తు లోపాలను ఎత్తిచూపుతూ నిందితులను విడిచిపెట్టింది, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమన్నది. మొదటి వారంలోనే దర్యాప్తు సరిగా జరిగేటట్లు పట్టుబట్టే వకీలు పక్కన ఉంటే ఎవరు దోషో, ఎవరు కాదో తేలి ఉండేదేమో. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ బాధితులకు ప్రతి దశలో సమాచారం, రక్షణ, మాట వినిపించే హక్కు ఇచ్చింది.

మన సంఘంలోనే ఈ పని చేసిన ఒకరిని తలచుకోకుండా ముందుకు పోలేను. యేసు సభ గురువు స్టాన్ స్వామి గారు తమిళనాట పుట్టి జార్ఖండ్ ఆదివాసుల మధ్య జీవించారు. అక్కడి జైళ్ళలో విచారణ ఖైదీలుగా మగ్గుతున్న ఆదివాసి యువకుల వివరాలు సేకరించి, వారి కేసులు త్వరగా తేల్చాలని హైకోర్టుకు వెళ్ళారు. 2020 అక్టోబరు 8న, 83 ఏళ్ళ వయసులో, భీమా కోరేగావ్ కేసులో ఆయనే అరెస్టయ్యారు. వణికే చేతులతో నీళ్ళు తాగడానికి గొట్టం ఉన్న గిన్నె కావాలని కోర్టును అడగవలసి వచ్చింది. 2021 జూలై 5న బొంబాయిలోని హోలీ ఫ్యామిలీ ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన మీది కేసు విచారణ మొదలే కాలేదు. ఏ విచారణ ఖైదీల కోసం తిరిగారో వారిలో ఒకరిగానే పోయారు. ఆయన మీద మోపిన అభియోగాల మంచిచెడ్డలు మనం ఈ పేజీలో తేల్చలేము. ఆయనకు అందనిది ఆ తేల్చడమే.

ఇప్పుడు ఇంటి పని. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్నది. దాని 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి, షెడ్యూల్డు కులాలవారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. వలస వచ్చిన గొత్తికోయకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్టు దొరకదు, కాబట్టి వర్తించదేమో అని కొందరు వెనక్కి పంపుతారు. అది సరికాదు. అదే సెక్షనులో నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషీ ఉన్నాడు. కులం, ఆదాయం, పుట్టిన రాష్ట్రం ఏదీ చూడరు. స్టేషనులో, జైలులో ఉన్నాడన్న ఒక్కటే అర్హత. మన జిల్లాకు 2022 జూన్‌లో జిల్లా కోర్టు వచ్చింది గనుక, న్యాయసేవాధికార సంస్థ కోసం ఖమ్మం దాకా పోనక్కరలేదు, కొత్తగూడెం బస్సు ఎక్కితే చాలు. ఫోను చేయాలంటే 15100. డబ్బులు పడవు.

గూడెంలో ఎవరినైనా పట్టుకుపోతే ఆ మొదటి రాత్రే చేయవలసినవి చెబుతాను. ఏ రోజు, ఏ గంటకు, ఎవరు, ఎక్కడికి తీసుకుపోయారు అన్నది ఒక కాగితం మీద వ్రాయండి. 24 గంటల లెక్క అక్కడి నుండే మొదలవుతుంది. 15100కు ఫోను చేసి, మేజిస్ట్రేటు ముందుకు తెచ్చే వేళకు వకీలు కావాలని చెప్పండి. కోయ మాట తెలిసిన మనిషిని వెంట పంపండి. మన ఉపదేశులలో ఇద్దరు ముగ్గురికి ఆ మాట బాగా వచ్చు. ఒంటి మీద దెబ్బలుంటే మేజిస్ట్రేటుకు చూపమనండి. రిమాండుకు ముందు డాక్టరు రిపోర్టు ఉంటుంది, అందులో అవి వ్రాయించుకోవాలి. తప్పు చేశాడా లేదా అన్న చర్చ మీరు అరుగు మీద పెట్టుకోవద్దు.

ఈ వ్యాసం వ్రాసేముందు మన పెద్దాయన దగ్గరకు వెళ్ళి ఇదంతా చెప్పాను. సుఖ్‌దాస్ సంగతికి తల ఊపారు, బుర్కాపాల్ సంగతికి మౌనంగా ఉన్నారు. చివరికి, "అయినా ఆ రేంజరు సారు పిల్లలకు మీరు ఇది చెప్పగలరా?" అని అడిగారు. ఆ పిల్లల ఎదుట ఈ మాటలు నా నోట రావని ఒప్పుకున్నాను. కాసేపు ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనే, వాసాల కేసు మనిషికి ఇప్పుడు జామీను ఎవరున్నారని అడిగారు. ఎవరూ లేరన్నాను. జామీనుదారుకు భూమి పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సు, ఫోటోలు కావాలి. వాయిదా నాడు కొత్తగూడెం కోర్టుకు ఉదయం పదిన్నరకల్లా చేరాలి. ఏయే కాగితాలు తీసుకురావాలో గుడి వాకిలి దగ్గర బోర్డు మీద వ్రాసి పెట్టాను.